పొట్లంలోని లెక్క

ప్రవేశిక

రసాయనశాస్త్రంలో ‘మోల్’ అన్న మాట వినబడగానే, అది పరీక్ష కోసం కంఠస్థం చేయవలసిన ఒక సూత్రమనే భావన విద్యార్థులలో చాలామందికి ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ దొరికే ఒక చిన్న పొట్లాన్ని విప్పి, అందులోని లెక్కను చదవటం ద్వారా ఆ మాటకు గల అర్థాన్నీ అవసరాన్నీ తెలియజేయటం ఈ పాఠం ఉద్దేశం.

*

తొలకరి జల్లులు పడే రోజులలో మన ఊళ్లలో వాంతులు, విరేచనాలు ప్రబలటం కొత్త సంగతి కాదు. బావులలోకి, పగిలిన కుళాయి గొట్టాలలోకి మురుగునీరు చేరే కాలమది. అటువంటప్పుడు ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి తల్లి చేతిలో పెట్టేది ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం. దానిని ఒక లీటరు మంచినీటిలో కలిపి బిడ్డకు కొద్దికొద్దిగా తాగించమని చెబుతుంది. పొడి నీటిలో కరిగిపోతుంది. పొట్లం చెత్తబుట్టలో చేరుతుంది. దాని వెనుక అచ్చువేసిన అంకెలను చదివేవారు అరుదు.

మనం చదువుదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి సోడియం క్లోరైడు, అంటే మన ఉప్పు, 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. అన్నీ కలిపితే 20.5 గ్రాములు. ఇదే మిశ్రమాన్ని ఆ సంస్థ మరొక విధంగా కూడా చెబుతుంది. ద్రావణం తయారైన తరువాత లీటరుకు సోడియం 75, క్లోరైడు 65, గ్లూకోజు 75, పొటాషియం 20, సిట్రేటు 10, మొత్తం 245 మిల్లీమోల్‌లు ఉండాలి. మోల్‌లో వెయ్యవ వంతు మిల్లీమోల్.

రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటి వరుసలో గ్లూకోజు ఉప్పుకు అయిదు రెట్లకు పైగా ఉన్నది. రెండవ వరుసలో గ్లూకోజు, సోడియం సరిసమానంగా ఉన్నాయి. వస్తువులు అవే, పొట్లం అదే. మరి ఏ వరుస నిజం చెబుతున్నది?

రెండూ నిజమే. మొదటిది తక్కెడ భాష. రెండవది సంఖ్యల భాష. పొట్లం కట్టేవానికి మొదటిది కావాలి. బిడ్డ పేగులకు రెండవది కావాలి. ఒక భాషలో నుండి మరొక భాషలోకి వెళ్లటానికి వేసిన వంతెనే మోల్.

వస్తువులను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా లెక్కించటం మనకు అలవాటే. అరటిపండ్లను డజన్లలో కొంటాం. గవ్వలాటలో నాలుగింటిని పుంజీ అంటాం. లెక్కించటం శ్రమ అనిపించినచోట తూకాన్ని ఆశ్రయిస్తాం. ఇనుప సామాను దుకాణంలో మేకులు ఎవరూ లెక్కపెట్టరు. కిలోల చొప్పున తూచి ఇస్తారు. ఒక్కొక్క మేకు బరువు తెలిస్తే, తూచిన సంచిలో ఎన్ని మేకులున్నాయో ఇట్టే చెప్పవచ్చు. రసాయనశాస్త్రజ్ఞుడు చేసేదీ ఇంతే. అయితే అతని ‘మేకులు’ కంటికి కనబడవు. వాటి గుంపు కూడా డజనుతో తీరేది కాదు. 6.02214076 × 10²³ కణాల సమూహాన్ని ఒక మోల్ అంటారు. లెక్కలలో దీనిని 6.022 × 10²³గా తీసుకొంటాం. ఇదే అవగాడ్రో సంఖ్య. 2019 మే 20 నుండి మోల్‌కు నిర్వచనం ఈ సంఖ్యే. అంతకు ముందు, 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులున్నాయో అన్ని కణాల రాశిని మోల్ అని నిర్వచించేవారు.

ఇంత విచిత్రమైన సంఖ్యను ఎందుకు ఎన్నుకొన్నారని అడగటం న్యాయమే. దానిలోని సౌలభ్యం ఇది: ఒక పరమాణువు సాపేక్ష భారం ఎంతో, ఆ మూలకం ఒక మోల్ బరువు దాదాపు సరిగ్గా అన్ని గ్రాములు. కార్బన్ పరమాణు భారం 12. ఒక మోల్ కార్బన్ 12 గ్రాములు. సోడియం 23; ఒక మోల్ సోడియం 23 గ్రాములు. ఒక మోల్ పదార్థపు ద్రవ్యరాశిని మోలార్ ద్రవ్యరాశి అంటారు. అణువులో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో తెలిస్తే, వాటి భారాలను కూడితే చాలు, మోలార్ ద్రవ్యరాశి వస్తుంది. మన చేతిలోని బరువును దానితో భాగిస్తే మోల్‌ల సంఖ్య వస్తుంది. లెక్క మొత్తం ఇంతే. ఇందులో కూడికా, భాగహారమూ తప్ప మరేమీ లేదు.

‘అణువులో ఏయే పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయో తెలిస్తే’ అన్న ఆ చిన్న షరతు దగ్గరే శాస్త్రలోకం అర్ధశతాబ్దం పాటు తడబడింది. నీటిని విడగొడితే ఒక వంతు బరువు హైడ్రోజన్‌కు ఎనిమిది వంతుల బరువు ఆక్సిజన్ వస్తుంది. ఇంతవరకు తక్కెడ చెబుతుంది. కాని నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని? ఒకటే అయితే ఆక్సిజన్ పరమాణు భారం 8, రెండయితే 16. ఇంగ్లండు దేశపు జాన్ డాల్టన్ ఒకటే అనుకొన్నాడు. ఇటలీకి చెందిన అమెదియో అవగాడ్రో 1811లో వేరొక మార్గం చూపాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువులలో సమాన సంఖ్యలో అణువులుంటాయని ఆయన ప్రతిపాదించాడు. నీరు ఏర్పడేటప్పుడు రెండు ఘనపరిమాణాల హైడ్రోజన్, ఒక ఘనపరిమాణపు ఆక్సిజన్‌తో కలుస్తుంది. కనుక నీటిలో హైడ్రోజన్ పరమాణువులు రెండు. ఎంత సరళమైన తర్కం! అయినా ఆనాటివారు దానిని పట్టించుకోలేదు. అవగాడ్రో 1856లో మరణించాడు. ఆ తరువాత నాలుగేళ్లకు, 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్ నగరంలో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సమావేశంలో, ఆయన దేశీయుడే అయిన స్తానిస్లావో కనిజారో ఆ సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించాడు. పరమాణు భారాల చిక్కు క్రమంగా విడిపోయింది. తన పేరుతో వెలసిన సంఖ్యను అవగాడ్రో ఎన్నడూ లెక్కించలేదు. దానికి ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ పెరిన్, 1909లో.

ఇక పొట్లానికి వద్దాం. పరమాణు భారాలను హైడ్రోజన్ 1, కార్బన్ 12, ఆక్సిజన్ 16, సోడియం 23, క్లోరిన్ 35.5, పొటాషియం 39గా తీసుకొందాం.

గ్లూకోజు అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులున్నాయి. 72, 12, 96 కూడితే మోలార్ ద్రవ్యరాశి 180 గ్రాములు. పొట్లంలోని 13.5 గ్రాములను 180తో భాగిస్తే 0.075 మోల్, అంటే 75 మిల్లీమోల్‌లు. అచ్చువేసిన అంకె సరిగ్గా వచ్చింది. కావాలంటే దీనిని అవగాడ్రో సంఖ్యతో గుణించవచ్చు. ఆ లీటరు నీటిలో సుమారు 4.5 × 10²² గ్లూకోజు అణువులున్నాయని తేలుతుంది.

ఉప్పులో ఒక సోడియంకు ఒక క్లోరిన్. మోలార్ ద్రవ్యరాశి 58.5 గ్రాములు. 2.6ను 58.5తో భాగిస్తే 44.4 మిల్లీమోల్‌లు వస్తాయి. నీటిలో కరిగినప్పుడు ఉప్పు విడిపోయి 44.4 మిల్లీమోల్‌ల సోడియం అయాన్లను, అంతే సంఖ్యలో క్లోరైడు అయాన్లను ఇస్తుంది. పొటాషియం క్లోరైడు మోలార్ ద్రవ్యరాశి 74.5, 1.5 గ్రాములంటే సుమారు 20 మిల్లీమోల్‌లు. ఈ రెండింటి క్లోరైడును కలిపితే 64.5. పొట్లం మీద 65 అని ఉండటం సవరించిన అంకె మాత్రమే.

సోడియం లెక్క ఇంకా పూర్తి కాలేదు. 75 కావలసినచోట 44.4 మాత్రమే వచ్చింది. మిగిలినది సిట్రేటులో దాగి ఉంది. ట్రైసోడియం సిట్రేటులో 3 సోడియం, 6 కార్బన్, 5 హైడ్రోజన్, 7 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. కూడితే 258. విద్యార్థులు ఎక్కువగా పొరపడే చోటు ఇదే. పొట్లంలో వాడే సిట్రేటు స్ఫటికాలలో ఒక్కొక్క సిట్రేటుకు రెండేసి నీటి అణువులు అంటిపెట్టుకొని ఉంటాయి. చేతికి పొడిగా తగిలినా, తక్కెడ ఆ నీటిని కూడా తూస్తుంది. వాటి భారం 36. కనుక మోలార్ ద్రవ్యరాశి 294. 2.9 గ్రాములను 294తో భాగిస్తే 9.9 మిల్లీమోల్‌లు, పట్టికలో 10. ఒక్కొక్క సిట్రేటుకు మూడేసి సోడియం అయాన్లు కనుక దాదాపు 30 మిల్లీమోల్‌ల సోడియం. 44.4తో కలిపితే సుమారు 74. దశాంశాలను సవరించిన పట్టిక 75 అంటున్నది. స్ఫటిక జలాన్ని మరచి 258తోనే భాగించి ఉంటే సిట్రేటు 11.2, దాని నుండి వచ్చే సోడియం 33.7 అని తేలేది. ఆ తప్పుతో మందు తయారుచేస్తే ప్రతి పొట్లమూ తప్పే అవుతుంది.

గ్లూకోజు, సోడియం సంఖ్యలో సమానంగా ఉండవలసిన అవసరమేమి? దీనికి సమాధానం చిన్నపేగు గోడలో ఉంది. కలరా వంటి వ్యాధులలో పేగు గోడల నుండి నీరు, లవణాలు ధారగా బయటకు పోతాయి. ఉత్త నీరు తాగిస్తే నిలవదు. ఉత్త ఉప్పునీరు తాగించినా శరీరం సరిగా పీల్చుకోలేదు. అయితే ఆ గోడలలోని కణాల మీద ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంది. ఆ ద్వారంలో గ్లూకోజు ఒంటరిగా లోనికి పోదు. సోడియంను వెంటబెట్టుకొని పోతుంది. ఆ రెండింటి వెంట నీరు పోతుంది. ఈ జమిలి ప్రయాణాన్ని 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. తీవ్రమైన అతిసారంలో కూడా ఈ ద్వారం చెడిపోకుండా పనిచేస్తూనే ఉంటుంది. ద్వారపాలకుడికి గ్రాములు తెలియవు. అతడు చూసేది ఎన్ని గ్లూకోజు అణువులు వచ్చాయి, వాటి వెంట ఎన్ని సోడియం అయాన్లు వచ్చాయి అన్నదే. అందుకే ద్రావణంలో గ్లూకోజు మోల్‌ల సంఖ్య సోడియం మోల్‌ల సంఖ్యకు తగ్గరాదన్నది నియమమైంది.

ఈ లెక్క మీద వేలమంది ప్రాణాలు ఆధారపడిన సందర్భం 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ విముక్తి పోరాట కాలంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమబెంగాల్‌లోకి వచ్చారు. శిబిరాలలో కలరా చెలరేగింది. బన్‌గావ్ ఆసుపత్రిలో పడకలు చాలక రోగులు నేల మీదే పడి ఉన్నారు. నరాలలోకి ఎక్కించే సెలైన్ నిల్వలు తరిగిపోతున్నాయి; ఎక్కించే సిబ్బందీ చాలటం లేదు. ఆ స్థితిలో దిలీప్ మహలనబిస్ అనే యువ వైద్యుడు, నోటి ద్వారా తాగించే ద్రావణాన్నే నమ్ముకొన్నాడు. 1968 నాటికే ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే వైద్యులు ఆ పద్ధతిని రోగులపై పరీక్షించి చూపారు. కాని శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణ లేకుండా దానిని వాడవచ్చునని అప్పటికి ఎవరూ ధైర్యం చేయలేదు. మహలనబిస్ బృందం కలకత్తాలో పొడులను తూచి పొట్లాలు కట్టించి, శిబిరంలో డ్రమ్ముల నీటిలో కలిపి, రోగుల తల్లులకు, అక్కచెల్లెళ్లకు గిన్నెలు ఇచ్చి తాగించమన్నది. అంతకు ముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నూటికి నాలుగు లోపునకు తగ్గాయి.

ఆనాటి పొట్లంలో లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా ఉండేవి. తరువాత 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన సూత్రంలో గ్లూకోజు 20 గ్రాములు. మహలనబిస్ రెండు గ్రాములు ఎక్కువ వేశాడా? లేదు. ఆయన వాడినది బజారులో దొరికే గ్లూకోజు. దానిలో ఒక్కొక్క అణువుకు ఒక నీటి అణువు అంటి ఉంటుంది. మోలార్ ద్రవ్యరాశి 180 కాదు, 198. 22ను 198తో భాగించినా, 20ను 180తో భాగించినా వచ్చేది 111 మిల్లీమోల్‌లే. ఉప్పు నుండి 60, వంటసోడా మోలార్ ద్రవ్యరాశి 84 కనుక దాని నుండి 30, వెరసి సోడియం 90. తూకాలు వేరైనా మోల్‌లు ఒకటే కావటమంటే ఇదే. కాకతాళీయమే కావచ్చుగాని, తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ మోల్‌ను ఏడవ మూల ప్రమాణంగా అంగీకరించినది కూడా ఆ 1971వ సంవత్సరంలోనే. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇంత మేలు చేసిన సూత్రాన్ని 2002లో మార్చవలసి వచ్చింది. వంటసోడాకు బదులు సిట్రేటు చేర్చిన పాత ద్రావణంలో అన్ని కణాలూ కలిపి లీటరుకు 311 మిల్లీమోల్‌లు. మన రక్తంలో ఈ విలువ 290 ప్రాంతంలో ఉంటుంది. ద్రవాభిసరణంలో నీరు కణాలు తక్కువగా ఉన్న వైపు నుండి ఎక్కువగా ఉన్న వైపునకు పోతుంది. అక్కడ కూడా లెక్కకు వచ్చేది కణాల సంఖ్యే. వాటి బరువు కాదు, పేరు కాదు. పాత ద్రావణం పేగులోని నీటిని లోనికి పంపటంలో కొంత వెనుకాడేది. గ్లూకోజును 111 నుండి 75కు, సోడియంను 90 నుండి 75కు తగ్గించి మొత్తాన్ని 245కు దింపగానే పిల్లలలో విరేచనాల పరిమాణం, వాంతులు, సెలైన్ ఎక్కించవలసిన అవసరం తగ్గాయని పరీక్షలలో తేలింది.

దీనిని బట్టి, లీటరు పొట్లాన్ని గ్లాసెడు నీటిలో కలపటం ఎంత ప్రమాదమో మీరే గణించగలరు. నీరు 200 మిల్లీలీటర్లే అయితే గాఢత అయిదింతలవుతుంది. సోడియం 375, మొత్తం 1225 మిల్లీమోల్‌లు. అటువంటి ద్రావణం పేగులోకి వెళితే నీటిని లోనికి పంపదు సరికదా, రక్తంలోని నీటినే పేగులోకి లాగుతుంది. ‘మందు చిక్కగా ఉంటే గుణం ఎక్కువ’ అని నమ్మి ఇలా కలిపే తల్లులు నేటికీ ఉన్నారు. వారిని నిందించి లాభం లేదు. పొట్లం ఇచ్చినవారు లీటరు సీసా చూపించి చెప్పాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు వేరుగా దొరుకుతాయి. ఏది ఏ కొలతకో దాని మీదే రాసి ఉంటుంది.

తీపి పానీయాల సంగతి మరొకటి. శీతల పానీయాలలో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉండటం సర్వసామాన్యం. చక్కెర అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్. మోలార్ ద్రవ్యరాశి 342. 100ను 342తో భాగిస్తే 292 మిల్లీమోల్‌లు. పేగులో ప్రతి చక్కెర అణువూ ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజుగా విడిపోతుంది కనుక కణాలు 584 మిల్లీమోల్‌లకు చేరుతాయి. 245 ఎక్కడ, 584 ఎక్కడ! అయినా మన దేశంలో కొన్ని తీపి పానీయాలు ఏళ్ల తరబడి తమ పేరులో ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలను ధరించి అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన ఒక శిశువైద్యురాలు సుమారు ఎనిమిదేళ్లు దీనిపై పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది.

పొట్లం దొరకని వేళ ఇంటిలో కలుపుకొనే ద్రావణానికి లీటరు నీటికి ఆరు సమతల చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు అని వైద్యులు చెబుతారు. పొట్లంలో 13.5 గ్రాముల గ్లూకోజు ఉన్నది కదా అని చక్కెరను కూడా 13.5 గ్రాములే వేస్తే ఏమవుతుంది? 342తో భాగించి చూడండి, 39 మిల్లీమోల్‌లే. దాని నుండి వచ్చే గ్లూకోజు కూడా అంతే, కావలసినదానిలో సగం. 75 మిల్లీమోల్‌ల గ్లూకోజు కావాలంటే చక్కెర దాదాపు 25.7 గ్రాములు ఉండాలి. చిన్న చెంచా సమతలంగా నింపితే పట్టే చక్కెర నాలుగు గ్రాములకు కొంచెం పైన. ఆరు చెంచాలు ఎన్ని గ్రాములో, ఎన్ని మిల్లీమోల్‌లో లెక్కించి, వైద్యుల మాట ఎంత దగ్గరగా ఉందో మీ నోటు పుస్తకంలో సరిచూసుకోండి. అర చెంచా ఉప్పు దాదాపు మూడు గ్రాములు. దాని లెక్క కూడా పక్కనే వేయండి.